ఉరుముల రాజన్న, గాలిచెప్పుల గంగరాజు

నిర్మల్‌లో ఎవరినైనా ఆపి అడగండి, ఉరుముల రాజన్న గొప్పా, గాలిచెప్పుల గంగరాజు గొప్పా అని. ఇప్పటికీ కొట్లాట మొదలవుతుంది. గోదావరికి ఇటుపక్క ఆదిలాబాద్ జిల్లా అంతా రాజన్నది. కాలు నేలకు కొడితే ఆకాశం ఉరుముతుంది, అదీ మా రాజన్న. అటుపక్క కరీంనగర్ జిల్లా గంగరాజుది. చెప్పులు తొడిగి గాలిలోకి అడుగు వేశాడంటే కన్ను మూసి తెరిచేలోగా ఆపద ఉన్నచోట దిగుతాడు. ఇద్దరూ పుస్తకాల్లో లేరు. మా తాతలొకరిని, వాళ్ల తాతలొకరిని కల్పించుకున్నారు. ఒకరి ఆట ఒకరు చూసింది లేదు గాని తిట్టుకోవడానికి మాత్రం తక్కువ లేదు. "మీ రాజన్నకు కాలు బెణికితే ఉరుము బందేనా?" అని అటువాళ్లు. "మీ గంగరాజు చెప్పు తెగితే ఏ చెట్టుకు యాలాడుతడు?" అని ఇటువాళ్లు.

ఆ ఇద్దరినీ ఒకే గద్దె మీద, ఒకే ఆటలో నిలబెట్టింది నేను. నా పేరు సిద్దిరాములు. మాది నకాషీ పని. పొణికి కర్ర చెక్కి బొమ్మలు చేస్తాం, రంగులేస్తాం. సాలుకు నాలుగు నెలలు ఆట కడతాం. తాత తర్వాత బాపు, బాపు తర్వాత నేను, ఉరుముల రాజన్న వేషం మా ఇంటిది. పంతొమ్మిది వందల యాభై అయిదు ఎండాకాలంలో కట్టిన ఆ ఒక్క ఆటను జనం ఇప్పటికీ తలుచుకుంటారు. అలాంటి ఆట మళ్లీ చూడలేదంటారు. విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అందుకే అసలు సంగతి చెబుతున్నాను.

నా తమ్ముడు ముత్యం నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. వాడికి సిగ్గు, వేషం కట్టడు. తెర వెనక ఇనుప రేకు ఊపి ఉరుము చప్పుడు చేసేది వాడే. నేను కాలు కొట్టడానికీ వాడు రేకు ఊపడానికీ నడుమ వెంట్రుకంత సందు కూడా ఉండేది కాదు. ఆ ఏడు మాఘమాసంలో వాడు జంగ్లాతోళ్ల దగ్గర, అంటే అడవి శాఖ దగ్గర, చిట్టీ రాయించుకుని, పొణికి కర్ర తేవడానికి బండి కట్టుకుని ఖానాపురం అడవికి పోయాడు. తిరిగి వస్తుంటే నాకా దగ్గర, అంటే అడవి తనిఖీ గేటు దగ్గర, బండి ఆపారు. పొణికి కర్ర కింద ఆరు టేకు మొద్దులు దొరికాయి.

"పొణికి కర్ర దూది లెక్క ఉంటది. కింద టేకుంటే ఎడ్లకు ఎరుకైతది, తోలెటోనికి ఎరుక గాదా?" అన్నాడు అమీను సాబు, అంటే మా ఠాణా పెద్ద. ఆ మాట నిజమే. ముత్యానికి ఎరుకే. రాయమల్లు పటేలు మనుషులు వాణ్ని కొట్టి, చెట్టుకు కట్టేసి, వాడి కళ్లముందే ఆ మొద్దులు బండికెక్కించారు. నాకా దాటేదాకా నోరు తెరిస్తే ఇంట్లో ముసలిదాన్ని కూడా చూడవని చెప్పి పంపించారు. హైదరాబాదు నుంచి పెద్ద ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడు. దొంగ టేకు దొరకాలి, దొరికితే పటేలు దగ్గర దొరకకూడదు. చిట్టీ పట్టుకుని అడవికి వచ్చిన నా తమ్ముడు దారిలో కనబడ్డాడు, అంతే.

రాయమల్లు పటేలు అడవి గుత్తేదారు. ఒక తునకకు గుత్త పట్టి అయిదు తునకలు నరికిస్తాడు. ఆయన ఎవరినీ తిట్టడు, ఎవరి మీదా చెయ్యి ఎత్తడు, నవ్వుతూనే మాట్లాడతాడు. ఆయన మీద పైకి రాసిన జంగ్లాత్ జవాను ఒకడి రెండు చేతులు మొద్దు కింద నలిగిపోయాయి. "పాపం, మొద్దు జారింది" అని పటేలే వాణ్ని తన జీపులో దవాఖానాకు తీసుకుపోయాడు. వాడి పిల్ల పెళ్లికి చీర కూడా పెట్టాడు. ఆ తర్వాత మా పక్క అడవిలో ఎవరూ ఏదీ చూడటం లేదు.

ముత్యాన్ని లాకప్‌లో వేసిన ఇరవై రోజులకు కోరుట్ల నుంచి ఒకాయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. పొడుగు మనిషి, నూలు అంటిన వేళ్లు. నేత పని చేసే పర్శరాములు. గాలిచెప్పుల గంగరాజు అంటే ఆయనే. పదేళ్లుగా పేరు వింటున్నాను, మనిషిని చూడటం అదే మొదలు. వాకిట్లో మంచం వేసి కూర్చోబెడితే మంచినీళ్లు కూడా తాగకుండా మొదలుపెట్టాడు.

"నీ తమ్ముడు దొంగ గాదు తమ్మి. నేను జూసిన. ఖానాపురంల చుట్టాలు పిలిస్తే ఆట జేసి పొద్దుగాల మల్లి వస్తున్నం. మావోళ్ల బండ్లు ఎనుక ఉన్నయ్, నేను ముంగట నడుస్తున్న. గా పిలగాన్ని చెట్టుకు కట్టిండ్రు. ఇద్దరు మొద్దులు లేపుతుండ్రు. పటేలు జీపుల కూసోని చుట్ట తాగుతున్నడు. ఇరవై దినాలాయె, అన్నం సయిస్తలేదు."

మా అవ్వ, అంటే మమ్మల్ని కన్నతల్లి బుచ్చవ్వ, లోపలి నుంచి వచ్చి ఆయన కాళ్ల మీద పడింది. ఆయన లేపి పక్కన కూర్చోబెట్టుకుని ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు, అది నాటకం కాదు. ఆ ఏడుపును నేను ఇప్పటికీ అనుమానించను. అదే నన్ను ఎక్కువ బాధపెట్టేది.

"అయితే ఠాణకు పోదాం పా అన్నా. అమీనుకు చెప్పు" అన్నాను.

పర్శరాములు ముఖం వాడిపోయింది. "ఠాణ మెట్లెక్కితే నాకు నోరు పెగలది తమ్మి. మగ్గం కాడ కూసుండెటోన్ని. వేషం మీదుంటే మాత్రం యముడొచ్చినా భయం లేదు. గద్దె మీద జెప్త. వెయ్యి మంది ముంగట జెప్త. వెయ్యి మంది ఇన్నంక పటేలు నన్ను ఏం జేస్తడు?"

లోకం తెలిసినవాడెవడైనా ఈ మాటకు నవ్వేవాడు. నేను నవ్వలేదు. ఎందుకంటే నేనూ అంతే. అప్పుడు సంతలో పోలీసును చూస్తే పక్కకు తప్పుకునేవాణ్ని, రాజన్న కిరీటం పెట్టుకుంటే పాడిందే పాట. వేషగాడి భయం వేషగాడికే అర్థమవుతుంది. అలా ఆ మంచం మీదే ఆట పుట్టింది. ఇనుపగోళ్ల దొర అని ఒక దుర్మార్గుడు. అడవిని గోళ్లతో పెరికి అమ్ముకుంటాడు, అడ్డం వచ్చినవాళ్లను మాయం చేస్తాడు. వాణ్ని ఒక్క వీరుడు కొట్టలేడు. రాజన్న గోదావరి ఒడ్డున నిలబడి కాలు కొడతాడు, ఆ చప్పుడు విని గంగరాజు గాలిచెప్పులు తొడుక్కుని వస్తాడు. చివర్లో రాజన్న అడుగుతాడు: "ఈ దొర చేసిన పాపం కండ్లార జూసినోడు ఈ లోకంలో ఉన్నడా?" గంగరాజు ముందుకు వచ్చి కిరీటం తీసి కింద పెడతాడు. "ఉన్నడు, నేనే. ఇది ఆట గాదు అమీను సాబ్, రాసుకోండ్రి" అని మొదలుపెడతాడు. ఈ చివరి ముక్క మా ఇద్దరికి, మా అవ్వకు తప్ప ఇంకెవరికీ తెలియదు. మా మేళంలో వాళ్లకు కూడా చెప్పలేదు.

అమీను సాబు పేరుపొందిన ఆటల పిచ్చోడు. పోయి పిలిస్తే కుర్చీలోంచి లేచాడు.

"ఇద్దరు ఒక్క ఆటలనా? నిజంగనా? రాత్రాటైతే నాకు డ్యూటీ ఉంటది. ఐతారం పగటీలి పెట్టు, నేనొస్త."

"సాబ్, మా తమ్ముని చలాను..."

"సోమవారం పోతది. గవాయి ఉంటే గా లోపట తే. నలుగుట్ల నిలబడి చెప్పినా రాసుకుంట. కోర్టుకు పోయినంక నా చేతుల లేదు."

అంటే ఆదివారం పర్శరాములు సాక్షిగా నోరు తెరిస్తే నా తమ్ముడు ఇంటికి వస్తాడు. తెరవకపోతే సోమవారం చలాను కాగితం కోర్టుకు పోతుంది. ఉన్నది ఆ ఒక్క రోజే.

ఇంకొకటి కూడా అనుకున్నాం. మా ఆటల్లో ఒక మర్యాద ఉంది. నడుమ ఎవరైనా కట్నం చదివిస్తే, అంటే శాలువానో వెండో ఇస్తే, ఆట అక్కడే ఆగాలి. కట్నం తీసుకున్న వేషగాడు ఇచ్చినవాడి పేరు మూడుసార్లు చెప్పి పాట కట్టి దీవించాలి. ఆ పూట గద్దె దిగేదాకా ఇచ్చినవాడి మీద చెడ్డ మాట అనకూడదు, అంటే ఆ మేళాన్ని మళ్లీ ఎవరూ తాంబూలం ఇచ్చి ఆటకు పిలవరు. తాతల నాటి కట్టు. అందుకే ఆ రోజు ఎవరి కట్నమూ ముట్టవద్దని పర్శరాములూ నేనూ చేతిలో చెయ్యి వేసుకున్నాం.

ఇక నా తెలివితక్కువ పని చెప్పాలి. దాచుకుంటే లాభం లేదు.

ఇనుపగోళ్ల దొరకు మొహం చెక్కాలి. మేళంలో హనుమండ్లు ఆ వేషం కట్టేవాడు, వాడి ముఖం పసిపిల్లవాడిలా ఉంటుంది. అందుకని మూరెడు పొణికి కర్రతో పెద్ద మొహం మొదలుపెట్టాను. ఉలి పట్టుకుంటే నా చెయ్యి నా మాట వినదు. ముక్కు రాయమల్లు పటేలు ముక్కు అయింది. బుగ్గ మీద గుంట ఆయనది. ఆఖరికి ఎడమపక్క ఒక పన్నుకు బంగారు రంగు కూడా వేశాను, పటేలుకు బంగారం పన్ను ఉంది మరి. చింతగింజల లప్పం పూసి, రంగు వేసి, ఆరడానికి వాకిలి గోడ మీద పెట్టాను. లోపల పెడితే రంగు మెరుపు రాదు. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి, మంచి పని చేసి నలుగురికీ చూపించకపోతే నకాషీవాడికి అన్నం అరగదు. దారిన పోయేవాళ్లు చూసి నోరు మూసుకుని నవ్వుకుంటూ పోయారు. నాకు గర్వం.

నాలుగో రోజు జీపు వచ్చి మా వాకిట్లో ఆగింది. రాయమల్లు పటేలు దిగాడు. ఒక్కడే వచ్చాడు. గోడ దగ్గర నిలబడి మొహం వైపు చాలాసేపు చూశాడు. నేను గబుక్కున లేచి నిలబడ్డాను.

"ముక్కు మంచిగచ్చింది సిద్దిరాములూ" అన్నాడు నవ్వుతూ. "పన్ను తప్పువెట్టినవ్. నాది కుడిపక్క." నోరు తెరిచి చూపించాడు కూడా. "ఎవలెవలు కడుతుండ్రు ఆట?"

ఆ నవ్వు ఏదో మత్తు పెట్టింది నాకు. భయపడలేదని చూపించుకోవాలనిపించింది. "కోరుట్ల పర్శరాములు వస్తుండు పటేలా" అన్నాను, రొమ్ము విరిచి మరీ.

"ఆయననా?" పటేలు ఆగాడు. "ఖానాపురం తొవ్వల ఓపారి ఆయన బండ్లు కనవడ్డట్టు యాది. మంచిది. ఆటకు నేను గూడ వస్త."

జీపు వెళ్లిపోయాక నేను ఏం చేశానో తెలుసా? ఎడమ పన్ను మీద బంగారు రంగు గీకేసి, కుడిపక్క పన్నుకు వేశాను. తప్పు చూపించాక దిద్దకుండా ఉండలేకపోయాను. పర్శరాములుకు కబురు చేయాలన్న బుద్ధి పుట్టనే లేదు. ఆ చేతులు నరుక్కోవాలి నిజంగా.

ఆదివారం మూడు గంటల ఎండలో ఆట మొదలయింది. గోదావరి ఎండి ఉంది, ఇసుకలో బండ్లు దించి కోరుట్ల, మెట్‌పల్లి వాళ్లు ముందురోజే వచ్చి దిగారు. "రాజన్న పగటి వేషాలకు దిగిండు" అని మావాళ్లే ఎగతాళి చేశారు. చేస్తే చేశారు గాని, నిర్మల్ బంగారు రంగు ఎండలో మెరిసిపోతుంటే ఆ ఎగతాళి కాసేపట్లోనే బందయింది. ముందు వరుసలో అమీను సాబుకు కుర్చీ. పక్క కుర్చీలో తెల్ల ధోవతి కట్టుకుని రాయమల్లు పటేలు. వాళ్లకు నాలుగు మూరల దూరంలో మా అవ్వ నేల మీద చాప వేసుకుని కూర్చుంది. పొద్దున్నే తలంటు పోసుకుంది, కొడుకు ఇంటికి వస్తాడని.

తెర వెనక పర్శరాములు చేతులకు పొణికి కడియాలు కట్టబోయాను. ఎడమ చెయ్యి ఇచ్చాడు. కుడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"గీ చేతికి వద్దు తమ్మి. గుచ్చుతుంది."

"ఫికరైతుందా అన్నా?"

"నాకేం ఫికర్? నీ తమ్ముడు నా తమ్ముడు గాదా?" అని నా భుజం తట్టాడు. కళ్లలోకి మాత్రం చూడలేదు. వేషం కట్టేముందు ఎవరైనా అంతేనని ఊరుకున్నాను.

ఆట ఎలా సాగిందో చెప్పాలా? ఉరుముల రాజన్న కాలు కొట్టాడు. ముత్యం లేడు, రేకు పక్కింటి పిల్లవాడు ఊపాడు, చప్పుడు ఒక అడుగు ఆలస్యంగా వచ్చింది. జనానికి పట్టలేదు, నాకు మాత్రం గుండెలో గుచ్చుకుంది. గంగరాజు పది మూరల ఎత్తున్న పందిరి గుంజ మీద నుంచి తాడు పట్టుకుని దూకాడు. అబ్బ, ఆ దూకడం! పగవాడైనా మెచ్చుకోవాలి. ఇద్దరం వీపుకు వీపు ఆనించి నిలబడితే రెండు జిల్లాల జనం ఒక్కసారి లేచి అరిచింది. నలభై ఏళ్లుగా తిట్టుకున్నవాళ్లు ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకున్నారు. హనుమండ్లు మొహం పెట్టుకుని వచ్చినప్పుడైతే నవ్వలేక చచ్చారు. పటేలు అందరికంటే గట్టిగా నవ్వాడు.

పొద్దు వాలే వేళకు ఆఖరి ఘట్టానికి వచ్చాం. దొర గద్దె నడుమ నిలబడ్డాడు. నేను ఒక పక్క, పర్శరాములు ఒక పక్క. నేను కాలు కొట్టి అడిగాను.

"ఈ దొర చేసిన పాపం కండ్లార జూసినోడు ఈ లోకంలో ఉన్నడా?"

పర్శరాములు ముందుకు ఒక అడుగు వేశాడు. సరిగ్గా అప్పుడు రాయమల్లు పటేలు కూర్చున్న చోటు నుంచే చెయ్యి ఎత్తాడు.

మా మేళంలో హాస్యగాడు అంతయ్య. కట్నాలు చదివేది వాడే. వాడికి మా ఒప్పందం తెలియదు, మర్యాద తెలుసు. పళ్లెం పట్టుకుని పరుగెత్తాడు, పరుగెత్తుకుంటూ వచ్చాడు. పళ్లెంలో వెండి కడియం.

"ఆగాలె, ఆగాలె! రాయమల్లు పటేలు గారు గాలిచెప్పుల గంగరాజుకు సదివిస్తున్న వీరకడెం!"

మూడు గంటల ఆటలో పటేలు ఇంకెప్పుడైనా చెయ్యి ఎత్తవచ్చు. ఎత్తలేదు. ఆ ప్రశ్న దగ్గరే, ఆ ఊపిరి సందులోనే ఎత్తాడు. ఆ సందు లోకంలో ముగ్గురికే తెలుసు. నేను చెప్పలేదు. అవ్వ చెప్పలేదు. వద్దని కళ్లతోనే చెప్పాను, తల ఊపాను, చెయ్యి కూడా అడ్డం పెట్టాను. పర్శరాములు నా చెయ్యి పక్కకు తోసి తన కుడి చెయ్యి చాచాడు. అది ఖాళీగా ఉంది. దాని కోసమే ఖాళీగా ఉంచుకుని వచ్చాడు.

అంతయ్య కడియం తొడిగాడు. పర్శరాములు దాన్ని కళ్లకద్దుకుని, జనం వైపు తిరిగి, పటేలు పేరు మూడుసార్లు పలికి, గొంతెత్తి పాడాడు.

"అడవి తల్లికి కొడుకు, ఆపదలకు అండ,
రాయమల్లు పటేలు రతనాల కొండ!"

పాట అక్కడికక్కడ కట్టింది కాదు. గతి తప్పకుండా, తబలా ఎక్కడ పడాలో అక్కడ పడింది. ఇంట్లో కూర్చుని సాధన చేసిన పాట అది. జనం చప్పట్లు కొట్టారు. పాట అయిపోయాక నా వైపు తిరిగి, వీరుడి గొంతుతోనే జవాబు చెప్పాడు.

"రాజన్నా, చూసినోడు ఎవ్వడు లేడు. మనమిద్దరం కలిసి ఎతుకుదాం."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయినట్టు. నాకు ఇంక ఆట లేదు, వేషం లేదు. కిరీటం తీసి నేలకేసి కొట్టాను.

"నువ్వు జూసినవ్! నా ఇంటికొచ్చి, నా మంచం మీద కూసోని జెప్పినవ్! నా తమ్మున్ని చెట్టుకు కట్టంగ జూసిన అన్నవ్!"

"వారెవ్వా!" అని అరిచింది జనం. ఈలలు. వాళ్లకు అదంతా ఆటే. రాజన్నకు ఒక తమ్ముడున్నాడని, ఆ తమ్ముణ్ని దొర బంధించాడని, ఇద్దరు వీరుల నడుమ కొట్లాట పెట్టారని అనుకున్నారు. నేను అమీను సాబు వైపు తిరిగి చేతులు జోడించాను.

"సాబ్, ఇది ఆట గాదు సాబ్!"

అమీను సాబు కళ్లు తుడుచుకుంటూ చప్పట్లు కొడుతున్నాడు.

అవ్వ ఒక్కతే లేచి నిలబడింది. "గది ఆట గాదయ్యా! నా కొడుకు ముచ్చట!" అని గుండెలు బాదుకుంటోంది. వెనకనుంచి ఎవరో ఆమె చెయ్యి పట్టి గుంజారు. "కూసో అవ్వా, కనవడ్తలేదు!"

పర్శరాములు ఎంత వేషగాడంటే, నా మాటలను కూడా ఆటలోకి మలుపుకున్నాడు. "అయ్యో, తమ్ముని మీది మమకారం రాజన్న మతి చెడగొట్టె!" అని రాగం తీశాడు. రెండు చేతులూ చాచి వచ్చి నన్ను గట్టిగా కౌగిలించుకున్నాడు. రాజన్నను గంగరాజు కౌగిలించుకున్నాడు! జనం దేనికోసం రెండు జిల్లాల నుంచి వచ్చిందో అది దొరికింది. టవళ్లు ఎగిరాయి. ఆ హోరులో నా చెవి దగ్గర ఆయన గొంతు, వేషం లేని గొంతు.

"లొల్లి జెయ్యకు తమ్మి. నీకు గూడ ఒకటి ఇప్పిస్త అన్నడు పటేలు."

భయపెట్టారేమో, పిల్లలను చంపుతామన్నారేమో అని అప్పటిదాకా నాలో ఏదో మూల ఒక ఆశ ఉండింది. ఆ ఒక్క మాటతో అదీ పోయింది. మా పనిలో గద్దె మీద వీరకడియం తొడిగించుకున్నవాడు చచ్చేదాకా వీరుడు. రెండు జిల్లాల్లో నలుగురికి ఉందో లేదో. నాకు లేదు, మా బాపుకు లేదు. పటేలుకు మనుషులను చదవడం వచ్చు. జవానుకు మొద్దు, నా తమ్ముడికి తాడు, నాకు ఒక నవ్వు, పర్శరాములుకు కడియం. ఎవరికి ఏది చాలునో ఆయనకు తెలుసు.

జనం పలచబడ్డాక ఠాణాకు పరుగెత్తాను. అమీను సాబు ఓపికగా విన్నాడు. పర్శరాములును పిలిపించాడు. ఆయన ముఖం కడుక్కుని, కడియం మీదికి చొక్కా చేతులు దించుకుని వచ్చాడు. ఠాణా మెట్లెక్కితే నోరు పెగలదన్న మనిషి తడుముకోకుండా చెప్పాడు.

"నేనేం జూడలేదు సాబ్. సిద్దిరాములు తమ్ముని రందిల ఉన్నడు. మనసు మంచిగలేదు, జర మాఫ్ జెయ్యుండ్రి."

సోమవారం చలాను పోయింది. ముత్యానికి ఏడాదిన్నర పడింది.

ఆదిలాబాద్ జైలుకు మొదటిసారి పోయినప్పుడు అవ్వను తీసుకుపోలేదు. దారి పొడుగునా ఏం చెప్పాలా అని ఆలోచించాను. ఊచల వెనక ముత్యం సగమయ్యాడు. అయినా నన్ను చూసి నవ్వాడు.

"ఆట మస్తు అయిందట గదనే? గీడ జవాను గూడ జూసొచ్చిండట. రేకు ఎవలు ఊపిండ్రు?"

"ఎవలో ఊపిండ్రు తియ్యి."

"పర్శరాములన్న ఎందుకు జెప్పలే? జూసినోడు దొరికిండని లాకప్ల నువ్వే అంటివి గద."

సిద్ధం చేసుకున్న మాట చెప్పాను. "భయపడ్డడురా."

ముత్యం తల ఊపాడు. వాడి ముఖంలో నిజంగానే తేలిక కనిపించింది. "భయమైతే ఏం జేస్తడు పాపం. నేను గూడ భయపడ్డ ఆ పొద్దు. నాకాకాడ నోరు తెరిస్తే అయిపోవు. ఆయనను ఏమనకు అన్నా. పిల్లలు గలోడు."

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. వాడి మనసులో ఆ పెద్దమనిషి అలాగే ఉండేవాడు. కాని పర్శరాములు పేరు వాడి నోట అంత మెత్తగా వినేసరికి నా లోపల ఏదో తెగింది. ఏ తప్పూ చేయనివాడు ఊచల వెనక నిలబడి, అమ్ముకున్నవాడి మీద జాలిపడుతున్నాడు. నేను ఓర్చుకోలేకపోయాను.

"భయం గాదురా" అన్నాను. "పటేలు కడెం ఇచ్చిండు. గద్దె మీద, అందరి ముంగట. చెయ్యి జాపి తొడిగిచ్చుకున్నడు."

ముత్యం ఊచ మీద తుప్పును గోటితో గీకుతూ నిలబడ్డాడు.

"వెండిదా?" అని అడిగాడు.

"వెండిదే."

వాడు నా ముఖంలోకి చూశాడు. కళ్లలో నీళ్లు లేవు.

"నేను బంగారం అనుకున్న" అన్నాడు. జవాను పిలవకముందే వెనక్కి తిరిగి లోపలికి వెళ్లిపోయాడు.